పిడుగు మింగేసిన పావంగుళం

"ఆ ఫ్యాను కాస్త తగ్గించమని మీ బాబాయికి చెప్పు. గుడ్డ ఎగిరిపోతోంది."

కటింగ్ బల్ల దగ్గర నిలబడి నాన్న ఆ మాట అన్నాడు. బాబాయ్ కుట్టుమిషను ఆ బల్లకు సరిగ్గా ఎదురుగా ఉంది. నాన్న చెయ్యి చాపితే బాబాయ్ భుజం తగులుతుంది. అయినా ఆ మాట పిడుగే చెప్పాలి.

పిడుగు అప్పుడే స్కూలు నుంచి వచ్చింది. వీపు మీది బ్యాగు ఇంకా దించలేదు. "బాబాయ్, ఫ్యాను తగ్గించాలట" అంది.

"నాకు ఉక్కపోస్తోందని మీ నాన్నకి చెప్పు" అన్నాడు బాబాయ్, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"నాన్నా, బాబాయికి ఉక్కపోస్తోందట."

"విన్నాలే."

"వినబడుతున్నప్పుడు మధ్యలో నేనెందుకు?" అంది పిడుగు.

ఇద్దరూ తమ తమ పనిలోకి తల వంచారు. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్న నానమ్మ మాత్రం, "ఇంత వయసొచ్చినా నాకు చెవుడు రాలేదు. వీళ్లిద్దరికీ అప్పుడే వచ్చేసింది" అని దారం పళ్లతో కొరికింది.

బాబాయ్ లేచాడు. ఫ్యాను తగ్గించలేదు. మిషను రెండు చేతులా పట్టుకుని గరగర లాక్కుంటూ వెనక గదిలోకి తీసుకుపోయాడు. గుడ్డల మూటలు పక్కకి నెట్టి, కిటికీ కింద వేసుకుని కూర్చున్నాడు.

"ఇక ఫ్యాను గొడవ లేదని మీ నాన్నకి చెప్పు!" అని లోపలి నుంచి అరిచాడు.

"ఇవాళ వెనక గది. రేపు వెనక వీధి" అంది నానమ్మ నెమ్మదిగా.

పిడుగుకు ఆ మాట అర్థమైంది. వెనక వీధిలో కొత్తగా తెరిచిన టైలరు షాపువాళ్లు బాబాయిని రమ్మని పిలుస్తున్న సంగతి ఆమెకు తెలుసు. మొన్న బాబాయ్ ఫోనులో "చూద్దాం" అనడం తన చెవులతో విన్నది. ఇంతకుముందైతే బాబాయ్ "చూద్దాం" అనేవాడు కాదు. "మా అన్నయ్యని వదిలి ఎక్కడికి వస్తాను" అని నవ్వి ఫోను పెట్టేసేవాడు.

నిజానికి నాన్నకీ బాబాయికీ చుట్టరికమేమీ లేదు. కుర్రతనంలో ఒకే మాస్టరు దగ్గర పని నేర్చుకున్నారు. తర్వాత కలిసి షాపు పెట్టుకున్నారు. పిడుగు పుట్టేనాటికే ఒకరినొకరు అన్నయ్యా, తమ్ముడూ అని పిలుచుకోవడం అలవాటైపోయింది. నాన్న కత్తిరిస్తాడు, బాబాయ్ కుడతాడు. మిగతా షాపుల్లో కత్తిరించేవాళ్లు కుట్టు ఎక్కడెక్కడ పడాలో గుడ్డ నిండా సుద్దతో గుర్తులు పెడతారు. ఇక్కడ కోత గీత తప్ప అలాంటివేమీ ఉండవు. నాన్న కత్తెర ఆడిస్తూ చెబుతాడు, బాబాయ్ మిషను తొక్కుతూ వింటాడు. అంతే. అంత పని నోటి మాట మీదే నడిచేది.

ఆ నోటి మాటే కిందటి వారం కొంప ముంచింది.

పిడుగు వాళ్ల స్కూల్లో వార్షికోత్సవానికి బ్యాండు పిల్లలందరికీ కొత్త కోట్లు కావాలని బ్యాండు మాస్టారు వచ్చాడు. వ్యవధి తక్కువ. నాన్న క్షణం ఆలోచించకుండా "ఇచ్చేస్తాం" అనేశాడు. మాస్టారు వెళ్లాక బాబాయ్, "అన్నయ్యా, మాట ఇచ్చేది నీ నోరు, తొక్కేది నా కాళ్లు. ఒక్కసారి నన్ను అడగాలి కదా" అన్నాడు.

తను అడగలేదన్న సంగతి నాన్నకూ తెలుసు. తప్పు తనదని తెలిసినప్పుడే మనిషికి కోపం ఎక్కువొస్తుంది. "ఏమిటి నువ్వు తొక్కేది? కొలిచేది నేను, గీసేది నేను, కోసేది నేను. గీసిన గీత వెంట ఎవడైనా కుడతాడు" అనేశాడు.

మిషను ఆగిపోయింది.

"అయితే ఆ 'ఎవడైనా' ఎవడో వాణ్ణే పిలిపించుకో" అన్నాడు బాబాయ్.

కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఒప్పుకున్న పని కాబట్టి బాబాయ్ కోట్లు కుడుతూనే ఉన్నాడు. కానీ ఆనాటి నుంచి ఎడమొహం, పెడమొహం. మధ్యలో పిడుగు.

ఇంకొకరైతే బెంగ పెట్టుకుని మూల కూర్చునేవారు. పిడుగు అలాంటిది కాదు. అయిదో క్లాసులో ఎవరికి ఎవరితో కటీఫ్ అయినా, పంచాయితీ ఆమె బెంచీ దగ్గరికే వస్తుంది. దానికి ఆమె దగ్గర ఒక కిటుకు ఉంది. ఒకరు అన్న మాటని ఉన్నదున్నట్టు రెండోవారికి చేర్చదు. దారిలో దానికి కాస్త పంచదార అద్దుతుంది.

"అది నా రబ్బరు దొంగ!" అని ఒకమ్మాయి అంటే, రెండో అమ్మాయి దగ్గరికి వెళ్లి, "నీకు రబ్బరు కావాలంటే అడిగితే ఇచ్చేదాన్నంటోంది పాపం" అని చెబుతుంది. మర్నాటికి ఇద్దరూ ఒకే రబ్బరుతో చెరుపుకుంటూ ఉంటారు.

పిల్లలే సర్దుకుంటున్నారు, పెద్దవాళ్లు ఒక లెక్కా? "వారం తిరిగేలోగా వీళ్లిద్దరినీ కలపకపోతే నా పేరు పిడుగే కాదు" అనుకుంది. అసలు ఆమె పేరు పిడుగు కాదనుకోండి. ఆ అసలు పేరుతో పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూడదు.

మర్నాడు సాయంత్రమే పని మొదలుపెట్టింది.

"కాలర్లు అయ్యాయా, లేక వాటికి ముహూర్తం చూడాలా అని అడుగు మీ బాబాయిని" అన్నాడు నాన్న.

పిడుగు కర్టెన్ తప్పించుకుని వెనక గదిలోకి వెళ్లింది. మిషను చప్పుడు, దాని పక్కన రేడియో పాట. ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడితే ముందు గదిలోకి వినబడదు.

"బాబాయ్, కాలర్లు ఎంత ఓపిగ్గా కుడుతున్నావో అని నాన్న మెచ్చుకుంటున్నాడు" అంది.

బాబాయ్ పాదం ఆగింది. "మీ నాన్నా? మెచ్చుకున్నాడా?"

"అవును. నీ కుట్టు లాంటి కుట్టు ఊరు మొత్తం వెతికినా దొరకదన్నాడు."

బాబాయ్ మిషను మీది దుమ్ము తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. తర్వాత, "ఇంకో గంటలో అయిపోతాయని చెప్పు. తొందరపడితే ఆయనగారే వచ్చి కుట్టుకోవచ్చని కూడా చెప్పు" అన్నాడు. కానీ ఆ గొంతులో ఇందాకటి కారం లేదు.

పిడుగు ముందు గదికి వచ్చింది. "నాన్నా, గంటలో ఇస్తాడట. నీ కత్తెర పడ్డ గుడ్డ కుడుతుంటే చేతులు వాటంతటవే నడుస్తాయట."

"వాడన్నాడా ఆ మాట?"

"మరి నేనంటానా?"

నాన్న కత్తెర కింద పెట్టాడు. మీసం సవరించుకున్నాడు. కాసేపటికి ఏదో పాత పాట కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. నానమ్మ కళ్లద్దాల పైనుంచి మనవరాలి వంక అనుమానంగా చూసింది. పిడుగు అమాయకంగా సీలింగు వంక చూసింది.

అలా రెండు మూడు రోజులు నడిచింది. ఇటు నుంచి వెళ్లిన కారం అటు తీపిగా చేరేది. అటు నుంచి వచ్చిన పులుపు ఇటు తేనెగా దిగేది. ఒకరోజు బాబాయ్ తన టీలో సగం గ్లాసులో పోసి, "ఎవరైనా తాగుతారేమో, ముందు గదిలో పెట్టు" అన్నాడు. పిడుగు ఆనందం అంతా ఇంతా కాదు. ఇక రేపో మాపో వాళ్లిద్దరూ మాట్లాడేసుకుంటారని లెక్క వేసేసింది.

ఆ సాయంత్రమే నాన్న కోట్లకు మిగతా ముక్కలన్నీ కత్తిరించి కట్ట కట్టాడు. అది పిడుగు చేతికిస్తూ చెప్పాడు.

"ఇది సరిగ్గా విను. స్కూలువాళ్లు పంపిన గుడ్డ పన్నా తక్కువ. వెడల్పు చాల్లేదు. అందుకని పక్కల్లో కుట్టుకి పావంగుళమే వదిలాను. ఎప్పట్లా పాటలు వింటూ, ఒళ్లు మరిచి అర అంగుళం లాగించేశాడంటే కోట్లన్నీ బిగుసుకుపోతాయి. జాగ్రత్తగా ఏడవమని చెప్పు."

పిడుగు కట్ట పట్టుకుని కర్టెన్ వైపు నడిచింది. నడుస్తూనే మాటల్లోంచి రాళ్లు ఏరసాగింది. ముందు "ఏడవమను" ఏరి పారేసింది. తర్వాత "ఒళ్లు మరిచి" తీసేసింది. ఇక పావంగుళం మిగిలింది. అది చెబితే "నాకే కొలతలు నేర్పుతున్నాడా" అని బాబాయ్ మళ్లీ అగ్గి మీద గుగ్గిలం అవుతాడు. టీ గ్లాసు దాకా వచ్చిన స్నేహం కాస్తా చెడిపోతుంది. అయినా కుట్టులో బాబాయికి తెలియనిది ఏముంటుంది? అదీ తీసేసింది.

"బాబాయ్, ఎప్పట్లాగే హాయిగా పాటలు వింటూ కుట్టుకోమన్నాడు నాన్న" అంది.

బాబాయ్ మొహం వెలిగిపోయింది. "అలా అన్నాడా! సరే, నువ్వు చూస్తూ ఉండు" అని రేడియో గొంతు పెంచాడు. ఎప్పట్లాగే హాయిగా పాటలు వింటూ, ఎప్పట్లాగే అర అంగుళం లోపలికి కుట్టుకుంటూ పోయాడు.

శనివారం ఉదయం కోట్లు స్కూలుకి చేరాయి. ఎర్ర గుడ్డ, బంగారు రంగు గుండీలు. బ్యాండు పిల్లలు ఎగబడి తొడుక్కున్నారు. పిడుగు పెద్ద డ్రమ్ము వాయిస్తుంది. ఆమె కన్నా డ్రమ్మే లావు.

"ఒసేయ్, నాకు గుండీలు పట్టట్లేదు" అన్నాడు ఫ్లూటు వాయించే అబ్బాయి.

"నువ్వు తినడం తగ్గించు" అంది పిడుగు.

"నాకూ పట్టట్లేదు" అంది తాళాలు వాయించే అమ్మాయి. ఆ అమ్మాయిని గట్టిగా ఊదితే ఎగిరిపోతుంది.

పిడుగు తన కోటు గుండీలు పెట్టుకుంది. ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. ఏదో తేడాగా ఉంది.

"సరే, ఒక్కసారి వాయించండి చూద్దాం" అన్నాడు బ్యాండు మాస్టారు.

పిడుగు డ్రమ్ము పుల్ల పైకెత్తింది. చంక కింద పర్ర్‌మని చప్పుడైంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వెనక వరసలో ఇంకో పర్ర్. ఈసారి నవ్వు కాస్త తగ్గింది. మూడోసారికి ఎవరూ నవ్వలేదు. చేతులు పైకెత్తితే చిరిగిపోతాయని అందరూ కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు.

పిడుగు కుట్టు తెగిన చోట వేలు పెట్టి చూసుకుంది. పావంగుళం! తను ఏరి పారేసిన ఆ పావంగుళం ఇదే. పక్కకి రెండు ముక్కలు, ఒక్కో ముక్కలో పావంగుళం ఎక్కువ పోతే, రెండు పక్కలా కలిపి అంగుళం బిగుతు. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కోటే చెబుతోంది.

మాస్టారు కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. "సోమవారమే కదమ్మా ప్రోగ్రాం. రేపు సాయంత్రానికి బాగుచేసి ఇస్తే సరే. లేదంటే పాత యూనిఫాంలోనే కానిచ్చేద్దాం" అని కోట్లన్నీ మూట కట్టించి ఆమెతో పంపాడు.

షాపులో నాన్న చిరిగిన కోటు తిరగేశాడు. టేపు పెట్టి కుట్టు కొలిచాడు. అర అంగుళం ఉంది.

"అడుగు మీ బాబాయిని" అన్నాడు. "నా మీద కసి కోట్ల మీద తీర్చుకున్నాడా అని అడుగు. పిల్లల బట్టలని కూడా చూసుకోవక్కర్లేదా అని అడుగు!"

ఆ అరుపు వెనక గదికే కాదు, వీధి చివరిదాకా వినిపించింది. కర్టెన్ సర్రున పక్కకి జరిగింది. బాబాయ్ కోటు అందుకుని చూశాడు. ఆయన మొహం ఆ ఎర్ర గుడ్డకంటే ఎర్రబడింది.

"మీ నాన్ననే అడుగు. గుడ్డ కావాలనే చిన్నగా కత్తిరించాడా అని అడుగు. నా చేత్తోనే నాకు చెడ్డపేరు తెప్పిద్దామనే కదా!"

"చెప్పు వాడికి, అలాంటి బుద్ధి నాకు లేదని!"

"చెప్పు ఆయనకి, సోమవారం నుంచి నా మిషను వెనక వీధిలో ఉంటుందని!"

బాబాయ్ గదిలోకి వెళ్లాడు. దారపు ఉండలు ఒక్కొక్కటే తీసి రేకు డబ్బాలో వేసుకోసాగాడు. నాన్న బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు. పిడుగు రెండు గదుల మధ్య గుమ్మంలో ఉంది.

అసలు సంగతి ఇద్దరికీ తెలీదు. తప్పంతా గుడ్డదే అంటే సరిపోతుంది. గుడ్డ నోరు విప్పి కాదనదు కదా. పంచదార అద్దిన మాట ఒకటి ఆమె నాలుక చివరే ఉంది. "తడిస్తే కుంచించుకుపోయే గుడ్డట బాబాయ్, నాన్నకి ఇప్పుడే తెలిసిందట." ఎంత బాగుందో! ఇద్దరూ నమ్మేస్తారు కూడా.

డబ్బాలో ఇంకో దారపు ఉండ పడింది.

"నేను చెప్పలేదు" అంది పిడుగు.

"ఏమిటి?" అన్నాడు నాన్న.

"పావంగుళం సంగతి. నువ్వు చెప్పమన్నావు. నేను బాబాయికి చెప్పలేదు. చెబితే మళ్లీ గొడవ అవుతుందని... ఎప్పట్లాగే పాటలు వింటూ కుట్టుకోమన్నావని చెప్పాను. బాబాయ్ తప్పు లేదు. నీ తప్పూ లేదు. నేనే."

నానమ్మ చేతిలో సూది ఆగిపోయింది. లోపల దారపు ఉండల చప్పుడూ ఆగిపోయింది. బాబాయ్ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అయితే..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నా కుట్టు లాంటిది ఊరంతా వెతికినా దొరకదని మీ నాన్న అన్నాడన్నావే?"

పిడుగు తల దించుకుంది. "అనలేదు బాబాయ్. నేనే కల్పించాను."

"మరి నా కత్తెర గురించి వాడన్నాడన్న మాటో?" అన్నాడు నాన్న.

"అదీ నేనే."

కోటు చిరిగినప్పుడు కూడా ఆమెకు అంత బాధ కలగలేదు. బాబాయ్ మొహంలో ఈ నాలుగు రోజులూ ఉన్న వెలుగు ఆమె కళ్ల ముందే ఆరిపోయింది. ఆ వెలుగు తను తెచ్చిందే. లేని దీపాన్ని చూపించి ఇప్పుడు ఊదేసింది. పిడుగుకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలనుకుంది, ఆగలేదు.

"ఏడవకే" అన్నాడు బాబాయ్. కానీ ఆయన దగ్గరికి రాలేదు. వెనక్కి తిరిగి డబ్బా మూత పెట్టాడు.

నాన్న బల్ల మీది సుద్దముక్క తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి, "పిడుగూ, మీ బాబాయికి చెప్పు..." అని మొదలుపెట్టాడు.

పిడుగు గౌను చివరతో మొహం తుడుచుకుంది. "చెప్పను."

"ఏంటీ?"

"నేను చెప్పను నాన్నా. నేను మోస్తే మాట పాడైపోతోంది. బాబాయ్ ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. నువ్వే చెప్పు."

అని ఆమె గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. ఇప్పుడు ఇద్దరి మధ్యా ఏమీ లేదు.

ఎంత లావు గుడ్డనైనా ఒక్క ఊపులో కోసేసే మనిషికి నాలుగు మాటలు బయటికి తేవడం కష్టమైపోయింది.

"తమ్ముడూ" అన్నాడు. "నిన్ను అడక్కుండా మాట ఇచ్చాను. అది తప్పు. గీత వెంట ఎవడైనా కుడతాడన్నాను. అది ఇంకా పెద్ద తప్పు." సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "ఆ గుడ్డ చూడగానే వెనక్కి పంపేద్దామనుకున్నాను. పావంగుళం మీద కోటు నిలబెట్టడం ఎవడి తరం? వేరే ఎవడైనా కుట్టేదైతే దాని మీద కత్తెర పెట్టేవాణ్ణే కాదు. నువ్వు కుడతావనే కోశాను."

బాబాయ్ చేతిలో డబ్బా అలాగే ఉంది. "ఈ మాట నిజంగా నీదేనా?" అన్నాడు.

"నా నోట్లోంచే వచ్చింది కదరా. చూస్తున్నావుగా."

"కసి తీర్చుకున్నానన్నావు."

"అన్నాను. నేను కావాలనే చిన్నగా కోశానని నువ్వూ అన్నావు."

"అన్నాను" అన్నాడు బాబాయ్. "నీ చేతి కోత అలా ఉండదని నాకు తెలుసు. తెలిసీ అన్నాను అన్నయ్యా." డబ్బా కింద పెట్టాడు. "ఇంకోసారి ఎవరికైనా మాట ఇచ్చేముందు నన్ను అడుగు. పావంగుళమైనా, పాతికంగుళాలైనా నీ నోటితో నాకు చెప్పు. అంతే నాకు కావాల్సింది."

"అంతే" అన్నాడు నాన్న.

"అయిందా?" అంది నానమ్మ. "అయితే మిషను ముందుకి లాక్కురండి. సోమవారం దగ్గరికొచ్చి కూర్చుంది."

మిషను మళ్లీ గరగరమంటూ బల్ల ఎదురుగా వచ్చింది. అదృష్టం కొద్దీ, పిల్లలు తొడుక్కుని చూసేదాకా కుట్టు లోపలి గుడ్డ కత్తిరించి పారెయ్యకపోవడం బాబాయ్ అలవాటు. పాత కుట్లు విప్పి, పావంగుళం దగ్గర మళ్లీ కుట్టాలి. బాబాయ్ రెండేసి వరసలు వేస్తానన్నాడు, గట్టిగా ఉండేందుకు.

విప్పే పని పిడుగుది. ఎవరూ శిక్ష వెయ్యలేదు, ఆమే అడిగి తీసుకుంది. ఆదివారం పొద్దుటి నుంచి స్టూలు మీద కూర్చుని, గుడ్డకు గాటు పడకుండా, ఒక్కో కుట్టూ తెంపి దారం లాగింది. బాబాయ్ ఒక్క నిమిషంలో వేసిన కుట్టు విప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో! మెడ లాగింది, వేళ్లు నొప్పెట్టాయి. అయినా లేవలేదు.

మధ్యాహ్నం నాన్న ఇస్త్రీ బల్ల షాపు బయట వేసుకున్నాడు. పాత సూది గుర్తులు ఆవిరికి పోతాయని ఒక్కో కోటూ తడిగుడ్డ వేసి రుద్దుతున్నాడు. పిడుగు అయిన కోటు తీసుకెళ్లి ఇచ్చింది. నాన్న అది తిరగేసి చూశాడు. చేతిలో ఇస్త్రీపెట్టె బుసకొడుతోంది.

"చేతులు ఖాళీ లేవు గానీ, మీ బాబాయికి చెప్పు. ఈ కోటు చంక దగ్గర కుట్టు వంకర పోయింది. మిగతావాటినైనా తొందరపడి చెడగొట్టొద్దని, అక్కడ మిషను కాస్త నెమ్మదిగా తొక్కమని చెప్పు."

పిడుగు లోపలికి వచ్చింది. బాబాయ్ తల ఎత్తాడు. "ఏమంటాడు?"

అలవాటు ఊరికే పోతుందా? "చెడగొట్టొద్దు" అన్న మాటను ఏరెయ్యడానికి నాలుక సిద్ధంగానే ఉంది. పిడుగు ఒక్క క్షణం ఆగింది.

"చంక దగ్గర కుట్టు వంకర పోయిందట. తొందరపడి మిగతావి చెడగొట్టొద్దన్నాడు. అక్కడ నెమ్మదిగా తొక్కమన్నాడు."

"చెడగొట్టొద్దు అన్నాడా?"

"అన్నాడు. అదే మాట."

నానమ్మ గుండీ కుట్టడం ఆపి చూసింది. బాబాయ్ కనుబొమలు పైకి లేచాయి. తర్వాత మీసాల కింద నుంచి నవ్వు బయటికొచ్చింది.

"ఇది మాత్రం ఖచ్చితంగా మా అన్నయ్య మాటే" అన్నాడు. "వెళ్లి చెప్పు ఆయనకి, వంకర పోయింది నా కుట్టు కాదు, ఆయన..."

పిడుగు కదల్లేదు. వేళ్ల మధ్య ఉన్న దారం లాగుతూ నిలబడింది.

బాబాయ్ ఆమె వంక చూశాడు. మిషను దగ్గర్నుంచి లేచాడు. చేతిలోని కోటు భుజాన వేసుకుని, "ఉండు, నేనే చెబుతా" అంటూ బయటికి నడిచాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఇద్దరి గొంతులూ పెద్దవయ్యాయి. కుట్టు వంకరా, కోత వంకరా అని వాదన. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. పిడుగు స్టూలు మీద కూర్చుని, తర్వాతి కోటు ఒళ్లోకి లాక్కుని కుట్టు విప్పసాగింది.